కర్ణుడు నిజంగా సూతపుత్రుడే అయితే?

కర్ణుడంటే తెలుగువాళ్ళకి ఉన్నంత ఇష్టం అర్జునుడి మీద కూడా లేదు. దానమంటే కర్ణుడు, స్నేహమంటే కర్ణుడు, ఎవరికైనా అన్నివైపుల నుంచీ దెబ్బ తగిలితే "కర్ణుడి చావుకి కారణాలనేకం" అంటాం. 1977 సంక్రాంతికి వచ్చిన దాన వీర శూర కర్ణలో కులం పేరెత్తిన పెద్దల్ని దుర్యోధనుడు నిలదీసే సీను ఉంది చూడండి, దాన్ని ఇప్పటికీ కుర్రాళ్ళు స్టేజీల మీద గుక్క తిప్పుకోకుండా చెబుతారు, చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లలో నిజమైన బాధ ఉంది, కాదనలేం.

కానీ ఈ జాలి దేని మీద నిలబడిందో ఒకసారి చూసుకోవాలి. ఎక్కువమంది చెప్పుకునే కథ ఇలా ఉంటుంది: పాపం కర్ణుడు అసలు క్షత్రియుడే, కుంతి కన్న పెద్దకొడుకే, సూర్యుడి బిడ్డే, ఆ సంగతి తెలియక లోకం సూతపుత్రుడని ఎగతాళి చేసింది. అంటే జరిగిందంతా మనిషిని గుర్తుపట్టకపోవడం వల్ల జరిగిన పొరపాటన్నమాట. మరి అతను నిజంగానే రాధ కడుపున పుట్టి, అధిరథుడి రక్తమే అయ్యుంటే? అప్పుడు భీముడు అన్న మాట సబబేనా? ద్రోణుడు అస్త్రం చెప్పననడం న్యాయమేనా? ఈ ప్రశ్న వేసుకోకుండా కర్ణుడి మీద జాలిపడితే, అతన్ని అవమానించినవాళ్ళ లెక్కనే మనమూ ఒప్పుకున్నట్టు. భారతం మాత్రం ఈ ప్రశ్నని వదిలిపెట్టలేదు. ఉద్యోగపర్వంలో కర్ణుడి నోటితోనే దానికి జవాబు చెప్పించింది.

ముందు సూతులంటే ఎవరో చూద్దాం. ధర్మశాస్త్రాల లెక్కలో క్షత్రియుడికి బ్రాహ్మణ స్త్రీ వల్ల పుట్టినవాళ్ళు. పని రథం తోలడం, గుర్రాల్ని చూసుకోవడం, రాజుల వంశాల కథలు చెప్పడం. ఊరికి దూరంగా బతికే మనుషులు కారు, రాజు పక్కనే ఉండేవాళ్ళు. ధృతరాష్ట్రుడికి యుద్ధమంతా కళ్ళకు కట్టినట్టు చెప్పిన సంజయుడు సూతుడే. నైమిశారణ్యంలో శౌనకాదులకి మొత్తం మహాభారతాన్ని వినిపించిన ఉగ్రశ్రవసుడు సూతుడి కొడుకే, ఎదురుగా కూర్చుని విన్నది మునులు. యుద్ధంలో రాజు ప్రాణం సారథి చేతిలో ఉంటుంది, రాజు రహస్యాలు సారథి చెవిలో ఉంటాయి. ఇంత నమ్మకం ఉంది, గౌరవమూ ఉంది, కానీ ఒక గీత దాటడానికి మాత్రం వీల్లేదు. కర్ణుడి బాధ అర్థం కావాలంటే ఈ దగ్గరితనం అర్థం కావాలి. అధిరథుడు ధృతరాష్ట్రుడికి స్నేహితుడు, ఆయన పెంచిన పిల్లాడు హస్తినాపురంలో రాజకుమారులతో పాటే విలువిద్య నేర్చుకున్నాడు. పిల్లలుగా ఒకేచోట తిరిగినన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. నేర్చుకున్నది నలుగురి ముందు చూపించే రోజు వచ్చేసరికి మాత్రం "నీ వంశం చెప్పు" అన్నారు.

ఆ రోజు జరిగిన విషయాన్ని వరసగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్కొక్కరి మాటా, ఒక్కొక్కరి మౌనమూ ముఖ్యమే. రంగస్థలం మీద అర్జునుడు చూపించిన విద్యలన్నీ కర్ణుడూ చేసి చూపించాడు. ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. అప్పుడు కృపాచార్యుడు లేచి, ఇతను కుంతి కొడుకు, కురువంశంవాడు, నువ్వు కూడా నీ తల్లిదండ్రుల పేర్లు, కులం చెప్పు, అది తెలిశాక అర్జునుడు పోరాడతాడో లేదో చూద్దాం అన్నాడు. కర్ణుడు తలదించుకున్నాడు. దుర్యోధనుడు, రాజు కానివాడితో పోరాడనంటే ఇదిగో ఇప్పుడే ఇతన్ని రాజుని చేస్తున్నా అని అంగరాజ్యానికి, అంటే ఇప్పటి బీహార్ భాగల్‌పూర్ వైపు ప్రాంతానికి, అక్కడికక్కడే పట్టం కట్టేశాడు. సరిగ్గా ఆ సమయానికి అధిరథుడు లోపలికి వచ్చాడు. ముసలాయన, చెమటలు కారుతున్నాయి, ఒళ్ళు వణుకుతోంది, పైపంచె జారిపోతోంది, కర్ర ఊతంగా పట్టుకుని కొడుకుని పిలుస్తూ వచ్చాడు. కర్ణుడు విల్లు వదిలేసి, అభిషేకం నీళ్ళు ఇంకా ఆరని తలని ఆయన పాదాల దగ్గర పెట్టాడు. అధిరథుడు కంగారుగా పంచె అంచుతో తన పాదాలు కప్పేసుకున్నాడు. రాజైన కొడుకు తన కాళ్ళకి మొక్కుతుంటే ఆ తండ్రికి ఎక్కడ లేని బెరుకు. కళ్ళనీళ్ళతో కొడుకు తలని మళ్ళీ తడిపాడు.

ఇదంతా చూసి భీముడు నవ్వాడు. నువ్వు అర్జునుడి చేతిలో చావడానికి కూడా తగవు, నీ కులానికి తగ్గట్టు కొరడా పట్టుకో, యజ్ఞంలో పురోడాశం, అంటే దేవతలకి అర్పించే పిండి రొట్టె, కుక్కకి ఎలా తగదో అంగరాజ్యం నీకు అలా తగదు అన్నాడు. కొడుకు తండ్రి కాళ్ళకి మొక్కిన దృశ్యం చూసి వచ్చిన మాటలివి. కర్ణుడి విలువిద్యలో వంక ఏమీ దొరకలేదు, దొరికింది అతని నాన్న.

దుర్యోధనుడు ఇచ్చిన జవాబు అందరికీ తెలిసిందే. శూరుల పుట్టుక, నదుల పుట్టుక ఎవరికి తెలుసు? ద్రోణుడు కుండలో పుట్టాడు, కృపుడు రెల్లుగడ్డిలో పుట్టాడు. నన్నయ్య ఈ ఘట్టాన్ని ఎంత బిగువుగా రాశాడో చదివినవాళ్ళకి తెలుసు. కానీ ఆ జవాబు చివర్లో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది గమనించకుండా దాటేస్తారు. సూర్యుడిలా వెలిగే ఇలాంటి పులిని లేడి ఎలా కంటుంది అంటాడు దుర్యోధనుడు. కాస్త ఆగి ఆలోచించండి. కర్ణుణ్ణి వెనకేసుకొచ్చిన ఒకే ఒక్క స్నేహితుడు కూడా "సూతుడి కొడుకైతే ఏంటి?" అనలేదు, "ఇతను సూతుడి కొడుకు అయ్యుండడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అధిరథుడు అక్కడే ఉన్నాడు. భీముడు తండ్రిని చూపించి కొడుకుని కించపరిస్తే, దుర్యోధనుడు కొడుకుని పొగడడం కోసం తండ్రిని లేకుండా చేశాడు. ఇద్దరి లెక్కా ఒకటే, గొప్పతనం రక్తంలోనే ఉంటుంది.

ఇదే లెక్క పరశురాముడి దగ్గరా వస్తుంది. శాంతిపర్వంలో నారదుడు ఈ కథ ధర్మరాజుకి చెబుతాడు. కర్ణుడు బ్రహ్మాస్త్రం చెప్పమని ద్రోణుణ్ణి అడిగాడు. వ్రతనిష్ఠ గల బ్రాహ్మణుడో, తపస్సు చేసిన క్షత్రియుడో తప్ప ఇంకెవరూ దాన్ని తెలుసుకోకూడదు అన్నాడాయన. అసలు కారణం అర్జునుడి మీద ప్రేమ, కర్ణుడి స్వభావం మీద అనుమానం అని నారదుడే చెబుతాడు, కానీ ద్రోణుడు పైకి చెప్పిన కారణం పుట్టుక. పోనీ చెడ్డ స్వభావమే అడ్డమనుకుందామా అంటే, తన కొడుకు అశ్వత్థామ చపలచిత్తుడని తెలిసీ ద్రోణుడు అతనికి బ్రహ్మశిరోనామకాస్త్రం చెప్పాడు, దాని ఫలితం సౌప్తికపర్వంలో చూస్తాం. స్వభావం బాగోకపోయినా కొడుకైతే చెప్పొచ్చు. సూతుడి కొడుకైతే ఆ అనుమానాన్ని కూడా పైకి అనక్కర్లేదు, కులం పేరు చెబితే సరిపోతుంది. ఎవరినైనా వద్దనుకున్నప్పుడు అసలు కారణం దాచుకోవడానికి పుట్టుకంత సులువైన సాకు ఇంకోటి లేదు. ఏకలవ్యుడి బొటనవేలు అడిగింది కూడా ఈ గురువే.

అప్పుడు కర్ణుడు మహేంద్రగిరికి, అంటే మన శ్రీకాకుళం జిల్లాని ఆనుకుని ఒడిశా సరిహద్దులో ఉన్న ఆ కొండకి, పరశురాముడి దగ్గరికి వెళ్ళి భార్గవ బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పాడు. నిజం చెప్తే చదువు లేదు, అబద్ధం చెప్తే శాపం. గురువు తల ఒడిలో పెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొడ తొలిచేసినా కదలకుండా కూర్చున్న కథ మనందరం చిన్నప్పుడే విన్నాం. పరశురాముడు లేచి ఏమన్నాడో గుర్తు తెచ్చుకోండి. బ్రాహ్మణుడికి ఇంత ఓర్పు ఉండదు, నీ ధైర్యం క్షత్రియుడి ధైర్యంలా ఉంది, నిజం చెప్పు అన్నాడు. మనిషి పడిన నొప్పి, చూపిన భక్తి అన్నీ వెంటనే కులం ఆనవాళ్ళయిపోయాయి. దానికి కర్ణుడు, నేను సూతుణ్ణి, రాధ కొడుకుని అని చెప్పాడు. ఆ ఓర్పు ఒక సూతుడిదే కావొచ్చు అన్న ఆలోచన ఆ ఆశ్రమంలో ఎవరికీ రాలేదు.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. కర్ణుణ్ణి కుటుంబం బాధపెట్టింది అన్నప్పుడు ఏ కుటుంబం అన్నది స్పష్టంగా చెప్పాలి. పెంచిన ఇంట్లో అతనికి కొరత లేదు. పిల్లల్లేని రాధ పెట్టెలో దొరికిన బిడ్డని చూసిన క్షణం నుంచీ కన్నకొడుకులానే పెంచింది. బాధపెట్టింది కన్న ఇల్లు. అదీ ఒక్క రోజు కాదు, నదిలో వదిలిన రోజు నుంచి కురుక్షేత్రం దాకా.

కుంతిని ఇక్కడ రాక్షసిలా చూపించడం సులువు, అది తప్పు కూడా. దుర్వాసుడు ఇచ్చిన మంత్రం పనిచేస్తుందో లేదో చూద్దామనుకున్న చిన్నపిల్ల ఆమె. బిడ్డని పెట్టెలో పెట్టి అశ్వనదిలో వదులుతూ ఆమె ఏడ్చిన ఏడుపు అరణ్యపర్వంలో ఉంది. నీకు పాలిచ్చే ఆ అమ్మ ఎంత అదృష్టవంతురాలో అనుకుంటుంది. పైగా కుంతి కూడా పుట్టింటి నుంచి ఇచ్చేసిన పిల్లే. తండ్రి శూరుడు మాట ఇచ్చానని ఆమెని పిల్లల్లేని కుంతిభోజుడికి ఇచ్చేశాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడితో మాట్లాడుతూ, దుర్యోధనుణ్ణి కాదు, నన్ను డబ్బు ఇచ్చేసినట్టు ఇచ్చేసిన నా తండ్రినే తప్పుపట్టాలి అంటుంది. ఆ వయసులో కూడా ఆ బాధ పోలేదు. తనని ఇచ్చేసినందుకు అంత బాధపడ్డ మనిషి తన బిడ్డని నీళ్ళలో వదలాల్సి వచ్చింది. కాబట్టి నదిలో వదిలిన కుంతిని క్షమించొచ్చు.

ఆ తరవాతి మౌనాన్ని క్షమించడం కష్టం. పెట్టె గంగలో కొట్టుకుపోయి చంపానగరం చేరిందని, బిడ్డ సూతుల ఇంట్లో పెరుగుతున్నాడని వేగుల ద్వారా ఆమెకి తెలుసు. పెళ్ళయ్యాక పాండురాజు పిల్లలు లేరని కుమిలిపోతూ శాస్త్రం ఒప్పుకునే కొడుకుల రకాలు ఒక్కొక్కటీ ఆమెకే వివరించి చెప్పాడు. అందులో కానీనుడు, అంటే పెళ్ళికి ముందు పుట్టిన కొడుకు, కూడా ఉన్నాడు. అంతకన్నా తలుపు ఎవరు తెరుస్తారు? ఆ ఇంట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. అత్తగారి అత్త సత్యవతికి పెళ్ళికి ముందు పుట్టినవాడే వ్యాసుడు. అవసరం వచ్చినప్పుడు సత్యవతి ఆ సంగతి భీష్ముడికి చెప్పింది, వ్యాసుణ్ణి పిలిపించింది, వంశమే ఆయన వల్ల నిలబడింది, ఎవరూ వేలెత్తి చూపలేదు. కుంతి మాత్రం మంత్రం సంగతి చెప్పింది, బిడ్డ సంగతి చెప్పలేదు. రంగస్థలం మీద కవచకుండలాలు చూసి గుర్తుపట్టి మూర్ఛపోయింది, విదురుడు గంధం నీళ్ళు చల్లించి లేపాడు, లేచి కూడా నోరు విప్పలేదు. కృపుడు "నీ తల్లి ఎవరు?" అని అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఆ మైదానంలోనే ఉంది.

తెలిసింది ఆమె ఒక్కదానికే కూడా కాదు. భీష్ముడికి తెలుసు, నారదుడూ వ్యాసుడూ చెప్పగా విన్నానని అంపశయ్య మీద పడుకుని ఆయనే ఒప్పుకున్నాడు. అదే భీష్ముడు యుద్ధానికి ముందు సభలో కర్ణుణ్ణి అర్ధరథుడని, అంటే సగం వీరుడని, తీసిపారేశాడు, ఆ పంతానికి కర్ణుడు ఆయన పడిపోయేదాకా, పది రోజులు, ఆయుధం పట్టలేదు. నీ తేజస్సు తగ్గించడానికే అలా పరుషంగా మాట్లాడాను అని భీష్ముడు చివర్లో సర్దిచెబుతాడు. ఇంటి పెద్దలకి తెలుసు, తెలిసీ ఊరుకున్నారు, ఊరుకోవడమే కాదు కొందరు తామూ రెండు మాటలు వేశారు. మనం దీన్ని విధి అంటాం. విధి అనేస్తే ఎవరినీ అడగక్కర్లేదు కదా.

ద్రౌపదీ స్వయంవరం ఇందులో చేరుతుందా అంటే, కొంచెం జాగ్రత్త అవసరం. సూతుణ్ణి పెళ్ళాడనని ద్రౌపది కర్ణుడి మొహం మీద అన్నట్టు జనంలో బాగా ప్రచారంలో ఉంది, కానీ ఆ మాట కొన్ని ప్రతుల్లోనే ఉంది, పూణేలోని భండార్కర్ సంస్థ పండితులు వందలాది రాతప్రతులు సరిపోల్చి తయారు చేసిన పాఠంలో దాన్ని అసలు కథలో ఉంచలేదు. ఇది చిన్న విషయం కాదు. ఆ ఒక్క మాటని పట్టుకుని జూదం రోజు సభలో కర్ణుడు చేసినదానికి "ఆమె ముందు అవమానించింది కదా" అని సమర్థించేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

సభలో ఏం చేశాడు? ద్రౌపది గెలవబడలేదని దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడొక్కడు ధైర్యంగా లేచి చెబితే, కుర్రాడివి నీకేం తెలుసని అతన్ని కూర్చోబెట్టింది కర్ణుడు. ఆడదానికి ఒక్క భర్తే, ఐదుగురున్నది బంధకి, అంటే వ్యభిచారిణి, ఒంటివస్త్రంతో తెచ్చినా వివస్త్రగా తెచ్చినా తప్పులేదు అన్నాడు. బట్టలు తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పింది కూడా అతనే. దీన్ని దుర్యోధనుడి ఖాతాలో వేసి కర్ణుణ్ణి కాపాడాలనుకోవడం అన్యాయం. పైగా ఆ మాటలోని తీరు గమనించండి. రంగస్థలం మీద కృపుడు అతన్ని ఏ గడిలో పెట్టి కొలిచాడో, కర్ణుడు ద్రౌపదిని అలాంటి గడిలోనే పెట్టి కొలిచాడు. మనిషి ఎవరు, ఏం అడుగుతోంది అన్నది వదిలేసి, శాస్త్రంలో ఈమెకి పేరేమిటి అని చూశాడు. ఇంకో కొడుకు కావాలని పాండురాజు అడిగినప్పుడు కుంతి కూడా ఇదే లెక్క చెప్పి వద్దంది, ఐదో పురుషుడి దాకా వెళ్ళిన ఆడది బంధకి అంది. పాండురాజుకి తెలియని సూర్యుణ్ణి కూడా ఆ లెక్కలో వేస్తే కర్ణుడు విసిరిన ఆ పేరు ఎవరి గుమ్మం దాకా వెళ్తుందో అప్పటికి అతనికి తెలియదు.

కర్ణపర్వంలో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. యుద్ధం 17వ రోజు మద్రదేశం రాజు శల్యుణ్ణి కర్ణుడికి సారథిగా ఉండమంటే ఆయన మండిపడ్డాడు, మూర్ధాభిషిక్తుడైన రాజుని నేను సూతపుత్రుడికి సారథ్యం చెయ్యాలా అన్నాడు. అటువైపు కృష్ణుడు నవ్వుతూ అర్జునుడి గుర్రాలు తోలుతున్నాడు, అది ఎవరికీ చిన్నతనం అనిపించలేదు, ఎందుకంటే సమస్య రథం తోలడంలో లేదు. చివరికి ఒప్పుకున్న శల్యుడు దారిపొడుగునా కర్ణుణ్ణి సూటిపోటి మాటలతో పొడిచాడు, ఎంగిలి తిని బలిసిన కాకి హంసతో పోటీపడిన కథ చెప్పి ఆ కాకివి నువ్వే అన్నాడు. కర్ణుడు ఏమని తిరిగి కొట్టాడు? మద్రదేశం వాళ్ళంతా అలాంటివాళ్ళు, అక్కడి ఆడవాళ్ళు ఇలాంటివాళ్ళు, వాళ్ళ తిండి, వాళ్ళ తాగుడు, వాళ్ళ అపవిత్రత అంటూ ఒక దేశం మొత్తాన్ని పుట్టుక పేరుతో తిట్టిపోశాడు. అదీ ఒకటి రెండు మాటలు కాదు, చాలా దూరం సాగుతుంది. తను జీవితమంతా పడ్డ మాటల్నే తీసి ఇంకొకరి మీద వేశాడు. బాధపడినవాడు కాబట్టి ఎదుటివాడి బాధ అర్థం చేసుకుంటాడని మనం ఆశపడతాం. అన్నిసార్లూ అలా జరగదు, దెబ్బతిన్న చాలామంది నేర్చుకునేది దెబ్బ కొట్టడమే. దీన్ని చెప్పినంత మాత్రాన కర్ణుడు పడ్డ అవమానం తగ్గిపోదు. అవమానం పడ్డవాడు మంచివాడైతేనే అవమానం తప్పవుతుందా?

మరి దుర్యోధనుడి స్నేహం? అర్జునుడికి ఎదురు నిలిచేవాడు దొరికాడన్న లెక్క అందులో మొదటి నుంచీ ఉంది. కానీ నలుగురిలో పక్కన నిలబడింది మాత్రం అతనొక్కడే. తెలివైన కుర్రాడికి మంచివాళ్ళందరూ మొహం తిప్పుకుని, చెయ్యి పట్టుకున్నవాడు చెడ్డవాడే అయితే ఆ కుర్రాడు ఎటు వెళ్తాడు? ఆ తరవాత జరిగిన తప్పుల్లో సగం కృతజ్ఞత పేరుతోనే జరిగాయి. సభలో పాండవుల్ని అన్న మాటలు దుర్యోధనుడి మెప్పు కోసం అన్నానని, ఇప్పుడు వాటికి కుమిలిపోతున్నానని కర్ణుడే కృష్ణుడితో ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలులోనూ ద్రౌపది పేరు లేదు, పాండవుల పేరే ఉంది.

ఇక్కడికి వచ్చాం కాబట్టి ఉద్యోగపర్వం. తెలుగులో కర్ణుడి కథ కవిత్రయం ముగ్గురి చేతుల్లోనూ పడింది. రంగస్థలం నన్నయ్యది, కవచకుండలాలు పోయే ఘట్టం ఎఱ్ఱనది, కృష్ణుడితోనూ కుంతితోనూ జరిగే ఈ సంభాషణలు తిక్కనవి. రాయబారం విఫలమై తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని అసలు సంగతి చెప్పాడు. నువ్వు కుంతి కానీనుడివి, శాస్త్రం ప్రకారం పాండురాజు కొడుకువి, రా, నువ్వే రాజువి, ఐదుగురు తమ్ముళ్ళూ నీ కాళ్ళ దగ్గర ఉంటారు, ధర్మరాజు వింజామర వీస్తాడు, ఆరో వంతులో ద్రౌపది కూడా నీ దగ్గరికి వస్తుంది అన్నాడు. ద్రౌపదిని ఎవరూ అడగలేదు, ఆ మాట పక్కన పెడదాం. రంగస్థలం మీద తలదించుకున్నవాడికి కావలసిన జవాబు ఇదే కదా, మనం అనుకునే కథ ప్రకారం అతను ఇక్కడ ఏడ్చి కావలించుకోవాలి.

కర్ణుడు నాకు తెలుసన్నాడు. తెలిసి కూడా వద్దన్నాడు. చెప్పిన కారణాలు వినండి. కుంతి నన్ను బతకకూడదన్నట్టు పారేసింది, అధిరథుడు చూసి ఇంటికి తెచ్చాడు. నా మీద ప్రేమతో రాధకి అప్పటికప్పుడు పాలు వచ్చాయి. నా మలమూత్రాలు ఆమె ఎత్తింది. అలాంటి తల్లికి పిండం పెట్టకుండా ఎలా పోతాను? అధిరథుడు నాకు జాతకర్మ చేయించాడు, వసుషేణుడని పేరు పెట్టించాడు, పెళ్ళిళ్ళు చేశాడు, నా భార్యలు సూతకులం ఆడవాళ్ళు, నాకు కొడుకులూ మనవలూ ఉన్నారు, నా గుండె వాళ్ళతో ముడిపడి ఉంది. భూమంతా ఇచ్చినా, బంగారం రాశులు పోసినా, సంతోషం కోసమైనా భయం వల్లనైనా దీన్ని అబద్ధం చెయ్యలేను. దుర్యోధనుడి మాట ఆ తరవాత వస్తుంది, ముందు వచ్చింది రాధ పాలు.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకి జవాబు ఇదే. నువ్వు నిజంగా ఎవరివి అంటే, నన్ను ఎత్తుకున్నవాళ్ళ వాణ్ణి అంటున్నాడు. ఏ మాటతో అందరూ తిట్టారో ఆ ఇంటినే తన ఇల్లన్నాడు, దాన్నుంచి బయటపడే దారి చూపిస్తే వద్దన్నాడు. మనం "పాపం, నిజానికి క్షత్రియుడు" అన్న ప్రతిసారీ కర్ణుడు వద్దన్న పేరునే మళ్ళీ అతనికి తగిలిస్తున్నాం, రాధనీ అధిరథుణ్ణీ మళ్ళీ ఒకసారి కథలోంచి పంపించేస్తున్నాం.

అంతమాత్రాన అతనికి కన్నతల్లి మీద బాధ లేదని కాదు. కుంతి గంగ ఒడ్డుకి వచ్చి, ఎండకి తాళలేక అతని ఉత్తరీయం నీడలో నిలబడింది. జపం పూర్తయ్యాక కర్ణుడు వెనక్కి తిరిగి, రాధేయుణ్ణి, అధిరథుడి కొడుకుని, నమస్కారం అన్నాడు. ఆమె అసలు సంగతి చెప్పి తమ్ముళ్ళతో కలవమంది. అప్పుడు మాత్రం లోపలున్నదంతా బయటికి వచ్చింది. క్షత్రియుడిగా పుట్టి కూడా క్షత్రియుడికి జరగాల్సిన సంస్కారాలు నీ వల్ల నాకు జరగలేదు, ఇంతకన్నా ఎక్కువ కీడు శత్రువు ఏం చేస్తాడు, దయ చూపాల్సినప్పుడు చూపలేదు, ఇప్పుడు నీ అవసరం కోసం వచ్చావు అన్నాడు. కృష్ణుడి ముందు వద్దనుకున్న ఆ పుట్టుక తల్లి ముందు గుర్తొచ్చింది. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు అంటారు. నిజానికి ఇదే అతన్ని నమ్మదగిన మనిషిని చేస్తుంది. పెంచినవాళ్ళని ప్రాణంగా ప్రేమించే మనిషికి కూడా కన్నవాళ్ళు ఎందుకు వదిలేశారన్న ప్రశ్న ఉండిపోతుంది, దత్తత వెళ్ళిన పిల్లలున్న ఇళ్ళలో ఇది అందరికీ తెలుసు. అయినా అతను కుంతిని వట్టి చేతులతో పంపలేదు. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని, ఎటైనా నీకు ఐదుగురు కొడుకులే మిగులుతారని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. యుద్ధంలో భీముడు, ధర్మరాజు, నకులుడు, సహదేవుడు నలుగురూ అతని చేతికి చిక్కి ప్రాణాలతో బయటపడ్డారు.

సామెత చెప్పే కారణాల్లో కొన్ని పుట్టుకతో సంబంధం లేనివి. పొరపాటున ఆవుని చంపినందుకు బ్రాహ్మణుడి శాపం, ముందే సూర్యుడు హెచ్చరించినా ఇంద్రుడికి కవచకుండలాలు కోసి ఇవ్వడం, బదులుగా ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఘటోత్కచుడి మీద ఖర్చైపోవడం ఇవన్నీ వేరే. కానీ పరశురాముడి శాపం, భీష్ముడి అర్ధరథుడన్న మాట, శల్యుడి ఎత్తిపొడుపులు, కుంతి మౌనం ఇవన్నీ ఒకే చోట పుట్టాయి.

యుద్ధమయ్యాక తర్పణాల దగ్గర కుంతి ఎట్టకేలకు నోరు విప్పింది, మీ అన్నకి కూడా నీళ్ళు వదలండి అంది. ధర్మరాజు కుప్పకూలాడు, కర్ణుడి భార్యల్ని పిలిపించి వాళ్ళతో కలిసి తర్పణం చేశాడు. తరవాత ఆడవాళ్ళ నోట్లో రహస్యం దాగకూడదని శపించాడు. ఒక తల్లి ఎందుకు భయపడాల్సి వచ్చిందన్నది అడగకుండా ఆడవాళ్ళందరినీ కలిపి శపించడం, మళ్ళీ అదే పద్ధతి. జూదం రోజు సభలో కర్ణుడి పాదాలు చూస్తే తల్లి పాదాల్లా అనిపించి తన కోపం దిగిపోయిందని కూడా అప్పుడు చెప్పుకుని ఏడ్చాడు. ధర్మరాజుది నిజమైన దుఃఖమే. కానీ అది అన్న అని తెలిశాక వచ్చిన దుఃఖం. సూతపుత్రుడిగా ఉన్నంతసేపు ఆ చావు పాండవుల శిబిరంలో పండగ. రాధకి పిండం పెట్టాలని రాజ్యం వదులుకున్నవాడికి చివరికి నీళ్ళు వదిలింది కుంతి కొడుకులు, కుంతి కొడుకన్న పేరు మీదే.